గురువును మార్చాలా? ముందు లాగ్‌బుక్కు తెరవండి

కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే మన దేశంలో కనీసం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విద్యార్థే పైలట్ ఇన్ కమాండ్‌గా, విమానం బాధ్యతంతా తనదిగా నడపాలి. మిగతా 100 గంటల్లో దాదాపుగా ప్రతి గంటా పక్కసీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు. భుజాలు రాసుకునేంత ఇరుకైన కాక్‌పిట్‌లో, లక్షలు పోసిన చదువులో సగభాగం ఆ ఒక్క మనిషి చేతిలో ఉంటుంది. ఆయనతో కుదరకపోతే ఏం చేయాలి?

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల ఇళ్లలో ఈ ప్రశ్న ఇప్పుడిప్పుడే వినిపిస్తోంది. రామసముద్రం దాటితే కోలారు జిల్లా. మదనపల్లె నుంచి బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు. పుంగనూరు పిల్లలకైనా, కుప్పం పిల్లలకైనా హైదరాబాదు బేగంపేట కన్నా బెంగళూరు జక్కూరులోని ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలే దగ్గర. సీమలో చూస్తే, 2022 జూన్‌లో కొత్త శిక్షణ సంస్థలకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చోటిచ్చిన ఐదు విమానాశ్రయాల్లో కడప కూడా ఉంది. రాబోయే 15-20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం వాసి రామ్మోహన్ నాయుడు పలుమార్లు చెప్పారు. ఆ మాట విని పొలం కాగితాలు బ్యాంకులో పెట్టే తండ్రులు ఇక్కడా ఉన్నారు. చదువు మధ్యలో బిడ్డ ఫోన్ చేసి "సార్‌తో నాకు కుదరడం లేదు" అంటే, ఇంట్లోవాళ్లకు తోచే మాట ఒక్కటే: సర్దుకుపో.

సర్దుకుపోవడానికి ఎంతవుతుందో, మార్చడానికి ఎంతవుతుందో ఎవరూ లెక్క వేయరు. ఆ లెక్క వేయాలి.

సంఖ్యలు తేలికగా ఉండేలా ఒక ఉదాహరణ తీసుకుందాం. 40 లక్షల అప్పు, ఏడాదికి 10.5 శాతం వడ్డీ. మొత్తం డబ్బు విడుదలయ్యాక వడ్డీ ఏడాదికి 4 లక్షల 20 వేలు, నెలకు 35 వేలు. బ్యాంకు డబ్బు విడతలుగా ఇస్తుంది కాబట్టి మొదట్లో భారం తక్కువ, చివరి నెలల్లో ఎక్కువ. నెలకు 15 గంటలు ఎగిరే విద్యార్థికి 200 గంటలు పూర్తవడానికి 13, 14 నెలలు పడుతుంది. నెలకు 8 గంటలే ఎగిరేవారికి 25 నెలలు కావాలి. తేడా 11 నెలలు, వడ్డీ రూపంలో 3 లక్షల 85 వేలు. హాస్టలు, భోజనం, ఏటా చేయించుకోవాల్సిన క్లాస్-1 మెడికల్ ఖర్చులు దీనికి అదనం.

ఇన్‌స్ట్రక్టర్‌ను మార్చడానికి అయ్యే ఖర్చు ఇందులో చిన్న భాగం. కొత్తవారు విద్యార్థిని ముందు తన కళ్లతో చూసుకోవాలి. ఒకటి రెండు సార్టీలు, అంటే ఎగిరే విడతలు, అందుకే పోతాయి. తన పద్ధతికి అలవాటు పడేదాకా పాత వ్యాయామాలు కొన్ని మళ్లీ చేయిస్తారు. నాలుగు గంటలు అనుకోండి. గంటకు 15 వేల చొప్పున 60 వేలు. ఇంట్లో భయపడేది ఈ 60 వేల గురించి, అసలు పోయేది ఆ 3 లక్షల 85 వేలు. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కారణం నిజంగా ఇన్‌స్ట్రక్టరే అయితే, తొందరగా మార్చడమే చవక.

చిక్కంతా ఆ "నిజంగా" అన్న మాట దగ్గరే ఉంది. నెలకు 8 గంటలే పడుతున్నాయంటే తప్పు ఇన్‌స్ట్రక్టర్‌దే కానక్కర్లేదు. విమానం షెడ్డులో ఉండి ఉండవచ్చు, మబ్బు పట్టి ఉండవచ్చు, ఒక విమానానికి విద్యార్థులు మరీ ఎక్కువ ఉండవచ్చు. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్‌ను మార్చినా 60 వేలు పోతాయి, గంటలు మాత్రం 8 దగ్గరే ఆగిపోతాయి.

ఇది తేల్చుకోవడానికి లాగ్‌బుక్కు చాలు. ప్రతి వరుసలోనూ తేదీ, విమానం రకం, దాని రిజిస్ట్రేషన్ అక్షరాలు, బయల్దేరిన చోటు, దిగిన చోటు, డ్యుయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో) ఎంత, సోలో (ఒంటరిగా) ఎంత, చేసిన వ్యాయామం ఏమిటి అన్నవి ఉంటాయి. గత రెండు నెలల పేజీలు తీసి రెండు విషయాలు చూడాలి. మొదటిది, ఒక సార్టీకీ తర్వాతి సార్టీకీ మధ్య ఎన్ని రోజులు గడిచాయి. రెండోది, ఒకే వ్యాయామం ఎన్నిసార్లు తిరిగి వచ్చింది.

ఎగిరినప్పుడల్లా పాఠం ముందుకు సాగుతోంది గానీ సార్టీల మధ్య పది, పన్నెండు రోజులు పోతున్నాయంటే అది స్కూలు సమస్య. పక్క బ్యాచ్ వాళ్ల పేజీల్లోనూ అవే ఖాళీలు కనబడితే ఇక అనుమానమే లేదు. అలా కాక రెండు మూడు రోజులకోసారి ఎగురుతూనే ఉన్నా అదే స్టాల్, అదే సర్క్యూట్ అండ్ ల్యాండింగ్ మళ్లీ మళ్లీ పడుతుంటే, లోపం బోధనలోనో విద్యార్థిలోనో ఉంది. ఈ రెండు రకాలనూ కలగలిపి చూసేవాళ్లే తప్పు నిర్ణయం తీసుకుంటారు. ఖాళీ రోజులకు ఇన్‌స్ట్రక్టర్‌ను నిందిస్తారు, లేదంటే ఇన్‌స్ట్రక్టర్‌తో ఉన్న ఇబ్బందికి ఏకంగా స్కూలే మానేస్తారు.

స్కూళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక లెక్క చెప్పాలి. శిక్షణ సంస్థలకు మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మొట్టమొదటిసారి 2025 అక్టోబరు 1న ర్యాంకులిచ్చింది. 85 శాతం పైన ఏ++, 70 పైన రెండో మెట్టు, 50 నుంచి 70 మధ్య బి, అంతకంటే తక్కువ వస్తే సి. లెక్కలోకి వచ్చిన 35 సంస్థల్లో పై రెండు మెట్లనూ ఒక్కటీ అందుకోలేదు. బి వచ్చింది 13కి, సి వచ్చింది 22కి. దేశంలో ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఇద్దరు సి స్కూల్లోనే ఉన్నారని దీని అర్థం కాదు, స్కూళ్ల పరిమాణాలు వేరు. కానీ "నేను మందబుద్ధినేమో" అని రాత్రిళ్లు కుమిలిపోయే పిల్లలు ఈ అంకెలు ఒకసారి చూడాలి. మార్కుల్లో అన్నిటికంటే ఎక్కువ బరువు, 40 శాతం, పనితీరుకే ఇచ్చారు.

ఇక రెండో రకం, గంటలు పెరుగుతూ వ్యాయామం కదలని పేజీలు. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆగిపోవడం కూడా నేర్చుకోవడంలో భాగమే. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇన్‌స్ట్రక్టర్ల కోసం రాసిన చేతిపుస్తకం ఈ దశను మామూలు విషయంగానే చెబుతుంది. ఆ పాఠాన్ని కొన్నాళ్లు పక్కనపెట్టి వేరేది నేర్పి మళ్లీ రమ్మని ఇన్‌స్ట్రక్టర్‌కు సలహా ఇస్తుంది. కాబట్టి మూడు నాలుగు సార్టీలు కదలకపోతే కంగారు వద్దు. ఏడెనిమిది సార్టీలు గడిచినా ఇన్‌స్ట్రక్టర్ పద్ధతి మార్చకుండా అదే మాట గట్టిగా అరుస్తున్నారంటే అప్పుడు ఆలోచించాలి.

ల్యాండింగ్‌నే చూడండి. చాలామంది ఇరుక్కుపోయేది అక్కడే. సెస్నా 172 రన్‌వే మీదికి వచ్చేటప్పుడు వేగం 65 నాట్ల చుట్టూ ఉంటుంది, అంటే గంటకు సుమారు 120 కిలోమీటర్లు. నేల ఇంకా ఇరవై అడుగులుందనగా ముక్కును మెల్లగా పైకెత్తాలి. దాన్ని ఫ్లేర్ అంటారు. తొందరపడితే విమానం మళ్లీ పైకి తేలిపోతుంది, ఆలస్యమైతే ముందుచక్రం నేలకు కొట్టుకుంటుంది. మొత్తం నాలుగైదు సెకన్ల పని. ఈ కొద్ది సెకన్లలో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు రెండు రకాలుగా ఉంటారు. ఒకరు "పుల్, పుల్" అంటూ స్టీరింగ్ లాంటి యోక్‌ను తానే లాగేస్తారు. విమానం మెత్తగా దిగుతుంది, విద్యార్థికి మాత్రం ఏమీ రాదు. మరొకరు చేతులు ఒళ్లో పెట్టుకుని, "ముందున్న నేల కాదు, రన్‌వే చివర చూడు" అంటారు. చూపు దూరానికి వెళ్లగానే విమానం ఎంత ఎత్తులో ఉందో తెలియడం మొదలవుతుంది. గట్టిగా దిగితే దిగనిస్తారు, ప్రమాదం అనిపించిన క్షణంలోనే చెయ్యి వేస్తారు.

ఈ తేడా లాగ్‌బుక్కులో కనబడదు, అందుకే విద్యార్థి విడిగా ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. చివరి పది ల్యాండింగుల్లో ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి తగలనివి ఎన్ని? ఎగిరేముందు బ్రీఫింగ్ ఎన్ని నిమిషాలు, దిగాక డీబ్రీఫింగ్ ఎన్ని నిమిషాలు? దిగాక చెప్పిన దాంట్లో తర్వాతి సార్టీలో చేసి చూడగలిగిన మాట ఒక్కటైనా ఉందా? "నీకు రాదు" అన్నది పాఠం కాదు. "రన్‌వే మీదికి వచ్చేటప్పుడు వేగం పది నాట్లు ఎక్కువుంది, అందుకే ఫ్లేర్‌లో తేలిపోయావు" అన్నది పాఠం. మూడు వారాలు ఈ అంకెలు రాసుకుంటే మనసులోని చిరాకు ఎంత, అసలు సమస్య ఎంత అన్నది విడిపోతుంది.

భాష కూడా చూడాలి. మన పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి వెళ్లిన పిల్లలకు ఇన్‌స్ట్రక్టర్ ఇంగ్లిషో హిందీయో హెడ్‌సెట్‌లో ఇంజిన్ చప్పుడు మధ్య ఒకసారికి అర్థం కాదు. జవాబు ఆలస్యమవుతుంది. దాన్ని ఆయన చేతకానితనం అనుకుంటారు, విద్యార్థి ఆయనది కోపం అనుకుంటారు. విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య 17 ఏళ్లకు ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరినప్పుడు ఇంగ్లిషుతో తాను పడిన అవస్థ గురించి తర్వాత దాపరికం లేకుండా చెప్పారు. 2017లో, 30 ఏళ్ల వయసులో, ఆమె బోయింగ్ 777 కమాండర్. భాష ఇబ్బందికి ఇన్‌స్ట్రక్టర్‌ను మార్చడం మందు కాదు. తర్వాత వచ్చే సారూ అదే భాష మాట్లాడతారు. గదిలో కూర్చుని రేడియో కాల్స్ రోజూ అరగంట పైకి చదవడం, బ్రీఫింగ్‌లోనే "సార్, ఈ మాట గాల్లో అంటే నేనేం చేయాలి?" అని అడిగి పెట్టుకోవడం పనికొస్తాయి.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం మిగిలితే ఒకే ఒక పరీక్ష ఉంది, దాని ఖరీదు ఒక గంట. వేరే ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక ప్రోగ్రెస్ చెక్ అడగాలి. ఇన్‌స్ట్రక్టర్‌ను మార్చమని అప్పుడే అడగకూడదు. చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ (సీఎఫ్ఐ) గదిలోకి వెళ్లి "సార్, ఆయన బాగా చెప్పడం లేదు" అంటే విషయం ఇద్దరు పెద్దవాళ్ల మధ్య పంచాయితీ అవుతుంది. "సార్, ల్యాండింగ్ దగ్గర ఎనిమిది సార్టీలుగా ఆగిపోయాను. ఒక్కసారి మీరు గానీ ఇంకొకరు గానీ చూసి ఎక్కడ తప్పుతున్నానో చెబుతారా?" అంటే ఎవరి గౌరవమూ తగ్గదు. చాలామంది సీఎఫ్ఐలు ఇలా అడిగిన విద్యార్థిని మెచ్చుకుంటారు. మీకు పాఠం చెప్పేది అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టరైతే ఇది ఇంకా సులువు. ఆయన ఎలాగూ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలోనే చెబుతారు కాబట్టి, ఆ పైవారితో ఒక సార్టీ అడగడం వింతేమీ కాదు.

ఆ ఒక్క గంటలో ఎదురుచూడాల్సింది మెప్పు కాదు. కొత్తవారు కూడా అవే తప్పులు అదే వరుసలో చెబితే, లోపం మనదే. పాత సార్ దగ్గరే ఉండి దాన్ని దిద్దుకోవడం మేలు, ఆయనకు మన అలవాట్లు తెలుసు. కొత్తవారు ఇప్పటిదాకా ఎవరూ చెప్పని తప్పు ఒకటి పట్టుకుని, ఆ గంటలోనే అది కాస్త మెరుగుపడితే, అప్పుడు మార్పు అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

అసలు బోధన ఇంత ముఖ్యమా, డబ్బుంటే చాలదా అనుకునేవారికి అమెరికా అనుభవం చెప్పాలి. అక్కడి విమాన యజమానుల, పైలట్ల సంఘం ఏఓపీఏ 2010లో ఒక పెద్ద అధ్యయనం చేయించింది. ఫ్లయింగ్ మొదలుపెట్టినవారిలో 70 నుంచి 80 శాతం లైసెన్సు దాకా రాకుండానే మానేస్తున్నారు. ఖర్చే కారణమని అందరూ అనుకున్నారు. విద్యార్థుల తృప్తిని ఎక్కువగా నిర్ణయిస్తున్నది బోధన నాణ్యత, ఇన్‌స్ట్రక్టర్ ఇచ్చే అండ అని తేలింది. అక్కడ ప్రైవేట్ లైసెన్సుకు చట్టం అడిగేది 40 గంటలు, మామూలుగా పట్టేది 60 నుంచి 75. ఆ అదనపు గంటల్లో ఎన్ని ఇన్‌స్ట్రక్టర్లు మారినందుకు పోయాయో, ఎన్ని మార్చనందుకు పోయాయో విడదీసే లెక్క లేదు గానీ, కనీస గంటల్లోనే అయిపోతుందని ఇంట్లో బడ్జెట్ వేసుకోవడం మాత్రం తప్పు.

కొన్నిటికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఇంధనం చూడకుండా, చెక్‌లిస్టు చదవకుండా బయల్దేరే ఇన్‌స్ట్రక్టర్, గాల్లో ఫోన్ చూసేవారు, చెయ్యి చేసుకునేవారు, ఆడపిల్లలతో హద్దు మీరేవారు, ఎగరని గంట ఎగిరినట్టు రాసుకోమనేవారు ఎదురైతే, తర్వాతి సార్టీ దాకా కూడా ఆగవద్దు. రాతపూర్వకంగా సీఎఫ్ఐకి ఇవ్వాలి, అక్కడ వినకపోతే డీజీసీఏకి పంపాలి. దొంగ గంటలు అప్పటికి లాభంలా కనిపిస్తాయి. 2011లో నకిలీ మార్కుల పత్రాలు, ఎగరకుండానే నింపిన లాగ్‌బుక్కులు బయటపడ్డప్పుడు అరెస్టయినవాళ్లలో లైసెన్సు పొందిన పైలట్లున్నారు.

ఒంటరిగా ఎగరాల్సిన ఆ 100 గంటలు మరచిపోకూడదు. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో ఒక సెస్నా 152 కూలి, ఒంటరిగా ఎగురుతున్న శిక్షణ పైలట్ చనిపోయింది. దానికి బోధనే కారణమని నేను అనడం లేదు. సోలోలో పక్కసీటు ఖాళీగా ఉంటుంది, అప్పటిదాకా తలకెక్కిన పాఠమే తోడు అని మాత్రం అంటున్నాను. డ్యుయల్‌లో అర్థం కాని చోట "వచ్చేసింది సార్" అని తలూపే పిల్లలు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మార్చాలని తేలాక, ఎప్పుడన్నది కూడా డబ్బు లెక్కే. మొదటి సోలోకు ముందు మార్చడం అన్నిటికంటే చవక, పునాది ఒకే చేతిమీద పడుతుంది. సోలో అయ్యాక, క్రాస్ కంట్రీలు (దూర ప్రయాణాలు) మొదలయ్యేముందు ఇంకో మంచి మలుపు ఉంది. నియమం ప్రకారం క్రాస్ కంట్రీ సోలో 20 గంటలుండాలి, అందులో 300 నాటికల్ మైళ్లకు తగ్గని ప్రయాణం ఒకటి, దారిలో రెండు వేర్వేరు ఏరోడ్రోముల్లో పూర్తిగా దిగి ఆగాలి. ప్లానింగ్ బాగా నేర్పే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే ఈ దశలో ఆయన దగ్గరికి మారడం సహజంగానే జరిగిపోతుంది.

ఖరీదైనది ఆఖర్లో మార్చడం. లైసెన్సుకు దరఖాస్తు చేసే నాటికి గడిచిన ఆరు నెలల్లో కనీసం 15 గంటలు సోలో ఎగిరి ఉండాలి. ఫ్లయింగ్ టెస్టులూ ఆరు నెలల లోపువే అయి ఉండాలి: పగటిపూట జనరల్ ఫ్లయింగ్, రాత్రిది, పగలు 250, రాత్రి 120 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీలు. 185 గంటల దగ్గర మనసు విరిగి మూడు నాలుగు నెలలు ఇంటికొచ్చి కూర్చుంటే, పాత 15 గంటలు గడువు దాటిపోవచ్చు, అప్పుడు కొత్తగా కొనుక్కోవాలి. గంటకు 15 వేల చొప్పున చూస్తే 2 లక్షల 25 వేలు. ఆ దశలో ఇన్‌స్ట్రక్టర్ అంటే విసుగు మాత్రమే అయితే, టెస్టుకు తయారుచేసే నాలుగు సార్టీలు వేరొకరితో అడిగి, మిగతాది పాతవారితోనే ముగించడం తెలివైన పని.

స్కూలే మార్చాలనుకుంటే ఆ లెక్క ఇంకా పెద్దది. కట్టిన అడ్వాన్సులో ఎంత తిరిగొస్తుందో ఒప్పందంలో చూసుకోవాలి, అది కూడా చేరకముందే. అమెరికా వెళ్లినవారికి మరో మెలిక ఉంది. ఫ్లయింగ్ స్కూళ్లలో చాలామందికి దొరికేది ఎం-1 వీసా. మొదటి ఆరు నెలలు దాటితే, చేయిదాటిన కారణాలు ఉంటే తప్ప, దానిమీద స్కూలు మారడం కుదరదు. ఆ దేశంలో ఇన్‌స్ట్రక్టర్లు తరచూ తమంతట తామే వెళ్లిపోతారు కూడా. 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కో-పైలట్ కావడానికి అక్కడ సాధారణంగా 1,500 గంటలు కావాలి, చాలామంది ఆ గంటల కోసమే పాఠాలు చెబుతారు. మన దగ్గర 200 గంటల లైసెన్సుతోనే, టైప్ రేటింగ్ చేసుకుని ఎయిర్‌లైన్‌కు వెళ్లవచ్చు. అందుకే ఇన్‌స్ట్రక్టర్ అవుదామనుకునేవారే తక్కువ. ఉన్నవారిని ఎయిర్‌లైన్లు పిలిస్తే విద్యార్థి అడగకుండానే సార్ మారిపోతారు.

అడిగి మార్చుకున్నా, అడగకుండా మారినా, ఆ రోజు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. శిక్షణ రికార్డులో పాత ఇన్‌స్ట్రక్టర్ రాసిన వ్యాఖ్యలు చదవాలి, ఒక నకలు దగ్గర పెట్టుకోవాలి. మీ నోటుపుస్తకంలోని ఆ పది ల్యాండింగుల లెక్క కొత్తవారికి మొదటి బ్రీఫింగ్‌లోనే చూపించాలి, దానితో ఆయనకు ఒక సార్టీ అయినా మిగులుతుంది. లాగ్‌బుక్కులో సంతకం పడని వరుసలు ఏమైనా మిగిలాయేమో వెతికి, పాత సార్ అదే ఎయిర్‌ఫీల్డులో ఉండగానే పెట్టించుకోవాలి. ఏడాది తర్వాత లైసెన్సు కాగితాలు పంపేనాటికి ఆయన ఏ ఊళ్లో, ఏ ఎయిర్‌లైన్ డ్యూటీలో ఉంటారో ఎవరూ చెప్పలేరు.